కాలు కడుక్కుంటే కష్టం తగ్గుతుంది

(సాక్షరతా కేంద్రంలో చదివి వినిపించడానికి రాసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు కాలి గురించి మాట్లాడుకుందాం. పొద్దున లేచింది మొదలు ఒంటి బరువంతా మోసేది కాలు. బురదలో దిగేది కాలు. ముల్లు గుచ్చుకునేది కాలికే. అయినా దాని వంక ఎవరూ చూడరు. అది వాచినప్పుడే చూస్తారు. అప్పటికి చాలా ఆలస్యం అయిపోతుంది.

గోదావరి జిల్లాల్లో, శ్రీకాకుళం, విశాఖ వైపు, ఇటు నల్గొండ, కరీంనగర్ వైపు "బోదకాలు" అనే మాట తెలియని వాళ్ళు తక్కువ. కొందరు ఏనుగుకాలు అంటారు. డాక్టర్లు ఫైలేరియా అంటారు. ఈ జబ్బుతో ప్రాణం పోదు. కానీ పని పోతుంది. కూలి పోతుంది. నలుగురిలోకి వెళ్ళే ధైర్యం పోతుంది. అందుకే దీని గురించి తెలుసుకోవాలి.

కాలు వాస్తే అన్నీ బోదకాళ్ళేనా?

కాదు. కాలు చాలా కారణాల వల్ల వాస్తుంది.

గుండె బలహీనమైతే రెండు కాళ్ళూ వాస్తాయి. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. మూత్రపిండాలు చెడితే పొద్దున్నే ముఖం, కళ్ళ కింద ఉబ్బుతుంది. కాళ్ళూ వాస్తాయి. ఒంట్లో రక్తం బాగా తగ్గినా పాదాలు నీరు పడతాయి.

గర్భిణికి సాయంత్రానికి పాదాలు కొంచెం వాయడం మామూలే. కానీ వాపుతో పాటు తలనొప్పి ఉన్నా, కళ్ళు మసకబారినా, ముఖం, చేతులు ఉబ్బినా ఒక్క పూట కూడా ఆగకూడదు. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. అది బి.పి. పెరిగిన గుర్తు కావచ్చు. తల్లికీ బిడ్డకీ ప్రమాదం.

ఒక్క కాలు ఉన్నట్టుండి వాచి, పిక్క గట్టిపడి నొప్పి పుడితే అది కూడా వెంటనే డాక్టరుకు చూపించాల్సిందే.

కాబట్టి కాలు వాచిందంటే ముందు ఆస్పత్రిలో చూపించుకోవాలి. ఇది ఫలానా జబ్బు అని పక్కింటి వాళ్ళు చెప్పేస్తే సరిపోదు.

బోదకాలు ఎలా వస్తుంది?

"ఈ ఊరి నీళ్ళు తాగితే వస్తుంది" అని కొందరు అంటారు. "పోయిన జన్మలో పాపం" అని కొందరు. "తల్లికి ఉంది కాబట్టి పిల్లకి వచ్చింది" అని ఇంకొందరు. ఈ మూడూ నిజం కాదు.

దీన్ని తెచ్చేది దోమ. కలిగించేది ఒక సన్నని పురుగు. తెల్లని దారప్పోగులా ఉంటుంది. ఆడ పురుగు సుమారు 8 నుంచి 10 సెంటీమీటర్లు, అంటే మనిషి అరచేతి వెడల్పు అంత పొడవు. అయినా అది ఒంటి లోపల ఉంటుంది కాబట్టి పైకి కనబడదు.

మనిషి ఒంట్లో రక్తం పారే నాళాలు ఉన్నాయి. వాటితో పాటు ఇంకో రకం సన్నని నాళాలు కూడా ఉన్నాయి. వాటిని శోషరస నాళాలు అంటారు. చేనుకు నీళ్ళు పెట్టే కాలవ ఒకటి, మిగిలిన నీళ్ళు బయటికి పోయే మురుగు బోదె ఒకటి ఉంటాయి కదా. ఈ నాళాలు ఆ మురుగు బోదె లాంటివి. కండల్లో మిగిలిపోయిన నీటిని ఇవి పైకి చేరవేసి మళ్ళీ రక్తంలో కలుపుతాయి.

బోదకాలు పురుగు కాపురం ఉండేది ఈ నాళాల్లోనే. అక్కడ అయిదారేళ్ళు బతుకుతుంది. లక్షల కొద్దీ పిల్లల్ని పెడుతుంది. అది ఉన్న చోట నాళం ఉబ్బి, సాగి, చెడిపోతుంది. బోదె పూడిపోతే చేలో నీరు నిలుస్తుంది. అలాగే నాళం చెడితే కాల్లో నీరు నిలుస్తుంది. అదే వాపు.

చాలామందికి ఈ పురుగు చిన్నతనంలోనే ఒంట్లో చేరుతుంది. వాపు కనబడేది మాత్రం ఏళ్ళు గడిచాక. ఆడుకునే పిల్లవాణ్ణి చూస్తే ఏ లోపమూ కనబడదు. అందుకే "మాకేం లేదు, మాకు మాత్రలు ఎందుకు" అంటారు. అక్కడే మోసపోతారు.

ఈ పురుగు మగవాళ్ళలో బీజాల దగ్గర కూడా చేరుతుంది. అప్పుడు బుడ్డ దిగుతుంది. సిగ్గుతో ఏళ్ళ తరబడి దాచుకుంటారు. దాచుకోనక్కరలేదు. చిన్న ఆపరేషన్‌తో అది నయమవుతుంది.

దోమ చేసే పని

ఈ పురుగు పిల్లలు పగలు ఒంటి లోపల ఎక్కడో దాక్కుంటాయి. రాత్రి పొద్దుపోయాక చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. ఈ దోమలు కుట్టేదీ రాత్రే. అందుకే ఆరోగ్య సిబ్బంది రాత్రిళ్ళు ఇళ్ళకు వచ్చి వేలి నుంచి రక్తం తీస్తారు. "రాత్రిపూట రక్తం ఏంటి?" అని తలుపు వేసుకునే వాళ్ళున్నారు. కారణం తెలిస్తే అలా వేసుకోరు. ఇప్పుడు పగలే చేసే కార్డు పరీక్ష కూడా వచ్చింది. ఒక్క చుక్క రక్తం చాలు.

పురుగు ఉన్న మనిషిని దోమ కుడుతుంది. రక్తంతో పాటు పురుగు పిల్లలు దోమలోకి పోతాయి. అక్కడ పది, పన్నెండు రోజుల్లో ఎదుగుతాయి. ఆ దోమ ఇంకొకరిని కుట్టినప్పుడు వాళ్ళ ఒంట్లోకి చేరతాయి. ఒక్కసారి కుడితే జబ్బు రాదు. నెలల తరబడి, ఏళ్ళ తరబడి కుడుతూ ఉంటే వస్తుంది.

ముట్టుకుంటే రాదు. కలిసి తింటే రాదు. పెళ్ళి చేసుకుంటే రాదు. ఈ మూడు మాటలు గుర్తుపెట్టుకోండి.

జ్వరం మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తుంది?

బోదకాలు ఉన్న వాళ్ళను అడగండి. వాపు కన్నా వాళ్ళను ఏడిపించేది జ్వరం. ఉన్నట్టుండి చలి పుడుతుంది. ఒళ్ళు కాలిపోతుంది. గజ్జల్లో బిళ్ళ కడుతుంది. కాలు ఎర్రబడి, వేడెక్కి, ముట్టుకోనివ్వదు. నాలుగైదు రోజులు మంచం దిగలేరు. అమావాస్యకో పున్నమికో వస్తుందని కొందరు లెక్క కడతారు.

ఈ జ్వరం చంద్రుణ్ణి చూసి రాదు. కాలి వేళ్ళ సందులోంచి వస్తుంది.

వాచిన కాలి మీద చర్మం మడతలు పడుతుంది. మడతల్లో చెమ్మ నిలుస్తుంది. వేళ్ళ సందులు పాసిపోతాయి. తెల్లగా నాని, ఒరుసుకుపోయి, దురద పెడతాయి. పొక్కులు, దద్దుర్లు లేస్తాయి. గోకితే చర్మం చిట్లుతుంది. మడమలు పగులుతాయి. ఆ చిన్న చిన్న సందుల్లోంచి కంటికి కనబడని సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. మంచి కాల్లో అయితే ఒళ్ళు వాటిని తరిమేస్తుంది. చెడిపోయిన నాళాలున్న కాల్లో అవి తిష్ఠ వేస్తాయి. అప్పుడే జ్వరం.

ఒక్కో జ్వరం వచ్చి పోయినప్పుడల్లా నాళాలు ఇంకాస్త చెడతాయి. వాపు ఇంకాస్త పెరుగుతుంది. చర్మం ఇంకాస్త మందమవుతుంది. అంటే కాలును ఏనుగుకాలుగా మార్చేది పురుగు ఒక్కటే కాదు. ఈ జ్వరాలు కూడా. జ్వరాలను ఆపగలిగితే వాపు పెరగడాన్ని ఆపవచ్చు.

ఒక ఇంటి సంగతి

ఒక ఊరు అనుకుందాం. ఆ ఊళ్ళో ఒకామె. నాట్లకు, కలుపుకు పోయే మనిషి. ఎడమ కాలు వాచి ఎనిమిదేళ్ళయింది. రెండు నెలలకోసారి జ్వరం. వచ్చినప్పుడల్లా అయిదు రోజుల కూలి పోతుంది. సూది మందుకు అప్పు. పెళ్ళికి ఎదిగిన కూతురుంది. సంబంధం వాళ్ళు వస్తే ఆమె వంటింట్లోంచి బయటికి రాదు. చీర కుచ్చెళ్ళు నేల మీద జీరాడేట్టు కట్టుకుంటుంది.

అత్త మంచిదే. కానీ ఎవరేం చెబితే అది చేయిస్తుంది. ఒకసారి ఆకు పసరు కట్టించింది. ఇంకోసారి వాతలు పెట్టించింది. వాత పుండై నెల రోజులు మానలేదు.

ఒక రోజు నర్సమ్మ వచ్చింది. కాలు చూపించమంది. ఆమె సిగ్గుపడుతూనే చూపించింది.

"ఏమ్మా, వేళ్ళ సందుల్లో ఎప్పుడైనా చూసుకున్నావా?"

"లేదండీ. వేళ్ళు విడదీస్తే వాసన. అందుకే చూడను."

"ఆ వాసన వచ్చే చోటే జ్వరానికి దారి. ముందు దాన్ని మూయాలి."

"దానికేం మందండీ?"

"సబ్బు. చెంబుల కొద్దీ మంచినీళ్ళు. పొడి గుడ్డ."

అత్త నవ్వింది. "సబ్బుతో పోయే రోగమా తల్లీ ఇది?"

"రోగం మొత్తం పోతుందని నేను చెప్పలేదు పెద్దమ్మా. జ్వరాలు తగ్గుతాయి. జ్వరం తగ్గితే మీ కోడలు కూలికి పోతుంది. అది చాలదా?"

అత్త మాట్లాడలేదు. వెళ్ళి తొట్టి తెచ్చింది.

నర్సమ్మ పీట మీద కూర్చుని కడగడం చేసి చూపించింది. పోతూ పోతూ గోడ మీది క్యాలెండరు చూపించింది. "జ్వరం వచ్చిన రోజు తారీఖు మీద అడ్డగీత గియ్యి. నీకు అంకెలు వచ్చు కదా" అంది.

అంకెలు ఆమె రాత్రిబడిలో నేర్చుకున్నవే. మొదటి మూడు నెలల్లో రెండు గీతలు పడ్డాయి. ఆ తర్వాత అయిదు నెలలు ఒక్కటీ పడలేదు. వానాకాలం నాట్ల రోజుల్లో ఒకటి పడింది. ఆ వారం ఆమె అలసిపోయి కాలు కడగకుండా పడుకునేదని తనకే గుర్తొచ్చింది. గీతలు చూస్తే సంగతి తెలిసిపోయింది.

కాలు సన్నగా అయిపోయిందా? లేదు. వాపు కొంచెం తగ్గింది. వాసన పోయింది. చర్మం మెత్తబడింది. ఆ ఏడాది సంబంధం వాళ్ళు వచ్చినప్పుడు ఆమె ముందు గదిలోనే కూర్చుంది. పెళ్ళికొడుకు తల్లి కాలి వంక చూసింది. "ఇది అంటుకునేది కాదు వదినగారూ. దోమ వల్ల వచ్చింది. మా పిల్లకు పరీక్ష చేయించాం, ఏమీ లేదు" అని ఆమే చెప్పింది.

కాలు కడిగే పద్ధతి

ఇది రోజూ చెయ్యాలి. రాత్రి పడుకోబోయే ముందు చేస్తే మంచిది. వీలైతే పొద్దున కూడా.

1. మొదట చేతులు సబ్బుతో కడుక్కోండి. కాలును వెలుగులో బాగా చూడండి. చీలిక, పుండు, పొక్కు ఎక్కడుందో వెతకండి.

2. మామూలు మంచినీళ్ళు తీసుకోండి. వేడినీళ్ళు వద్దు. మురికి నీళ్ళు వద్దు.

3. పైనుంచి కిందికి కడగండి. మోకాలి దగ్గర మొదలుపెట్టి పాదం దాకా రండి. చేత్తో గానీ మెత్తని గుడ్డతో గానీ సబ్బు రాయండి. రాయి, పీచు పెట్టి రుద్దకండి.

4. ప్రతి మడత లోపల, ప్రతి వేలి సందులో కడగండి. సందు ఇరుకుగా ఉంటే సన్నని గుడ్డ దూర్చి నెమ్మదిగా తుడవండి.

5. సబ్బు పూర్తిగా పోయి నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి.

6. శుభ్రమైన పొడి గుడ్డతో అద్దండి. రుద్దవద్దు. వేళ్ళ సందుల్లో తడి అస్సలు ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. తడి ఉంటే కడిగిన ఫలం దక్కదు.

7. పాసిన చోట, చిట్లిన చోట ఆస్పత్రిలో ఇచ్చిన పూత మందు రాయండి.

8. రెండో కాలు బాగున్నా దాన్నీ కడగండి.

కొన్ని ఆస్పత్రుల్లో బోదకాలు వాళ్ళకు తొట్టి, మగ్గు, సబ్బు, తువ్వాలు, పూత మందు కలిపి ఇస్తారు. అడగండి.

కడగడంతో పాటు మరో మూడు పనులున్నాయి.

కూర్చున్నప్పుడు కాలు కిందికి వేలాడదీయవద్దు. ఎదురుగా పీట వేసి దాని మీద పెట్టండి. పడుకున్నప్పుడు మంచం కాళ్ళ వైపు రెండు ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి. గుండెజబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరును అడిగాకే ఇలా చెయ్యాలి.

పాదాన్ని పైకీ కిందికీ ఆడించండి. మడమను గుండ్రంగా తిప్పండి. గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేచి దిగండి. పదేసి సార్లు చాలు. కండ కదిలితే నిలిచిన నీరు పైకి నడుస్తుంది.

చెప్పులు వేసుకోండి. బిగుతువి వద్దు. గోళ్ళు జాగ్రత్తగా తీయండి. బురద చేలో చెప్పులతో పని చేయలేరు, నిజమే. గట్టు ఎక్కగానే మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడుచుకోవడం మాత్రం ఎవరైనా చేయగలరు.

జ్వరం వచ్చిన రోజున

పనికి పోవద్దు. కాలు ఎత్తులో పెట్టి పడుకోండి. చల్లని నీళ్ళలో తడిపిన శుభ్రమైన గుడ్డ కాలి మీద వేయండి. నీళ్ళు, మజ్జిగ బాగా తాగండి. జ్వరానికి పారాసెటమాల్ మాత్ర ఆరోగ్య కార్యకర్త చెప్పినట్టు వేసుకోండి. చెరువైన కాలికి వేరే మందు కావాలి. అది డాక్టరు రాయాలి. కాలు ఆడించే పని నొప్పి తగ్గేదాకా ఆపేయండి.

చేయకూడనివి: కాపడం పెట్టకూడదు. గట్టిగా పిసకకూడదు. వాత పెట్టకూడదు. సూదితో పొడవకూడదు. పొక్కులు చిదమకూడదు. పసరు కట్టకూడదు.

ఒక రోజు చూసినా తగ్గకపోతే, చీము పడితే, వాంతులైతే, మనిషి మాట తడబడితే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోవాలి.

ఈ మందు వెనక ఒక తెలుగువాడు

ఈ పురుగు మీద పని చేసే మందు పేరు డి.ఇ.సి. దీన్ని కనిపెట్టిన పరిశోధకులకు నాయకుడు ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికా వెళ్ళి మందుల కంపెనీలో పరిశోధన చేశారు. 1947లో ఈ మందు సంగతి లోకానికి తెలిసింది. మరుసటి ఏడాది, 1948లో ఆయన కన్నుమూశారు. బోదకాలు బాధ తెలిసిన గోదావరి నేల మీద పుట్టిన మనిషి చేతి మీదుగానే దానికి మందు వచ్చింది.

2004 నుంచి మన దేశంలో బోదకాలు ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి ఈ మాత్రలు ఇంటింటికీ పంచారు. దానితో పాటు నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ కూడా ఇస్తూ వచ్చారు. 2018 నుంచి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ అనే మూడో మందు కూడా కలిపారు. పరీక్షలు చేసి జబ్బు బాగా తగ్గిందని తేలిన జిల్లాల్లో పంపకం ఆపేశారు. ఇంకా అవసరమున్న చోట ఇస్తున్నారు.

డి.ఇ.సి. మాత్రలు వయసును బట్టి ఇస్తారు. 2 నుంచి 5 ఏళ్ళ వాళ్ళకు 1. 6 నుంచి 14 ఏళ్ళ వాళ్ళకు 2. 15 ఏళ్ళు నిండితే 3. రెండేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు, బాగా జబ్బుతో ఉన్నవాళ్ళకు ఇవ్వరు. పరగడుపున వేసుకోకూడదు. ఏదైనా తిన్నాక వేసుకోవాలి.

మాత్ర వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి, వికారం వస్తాయి. "మాత్ర వికటించింది" అని భయపడి అందరూ చూరులో దోపేస్తారు. చాలావరకు అది ఒంట్లో పురుగు చస్తున్న గుర్తు. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఎక్కువైతే ఆస్పత్రిలో చెప్పండి.

ఒక్క మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఏళ్ళ తరబడి వాచిన కాలు ఈ మాత్రలతో సన్నబడదు. మాత్ర పురుగును అరికడుతుంది. జబ్బు ఇంకొకరికి పాకకుండా ఆపుతుంది. వాచిన కాలికి మాత్రం సబ్బు, నీళ్ళు, పొడి గుడ్డే దిక్కు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం ఏముంది? కాలు బాగున్నప్పుడే మాత్ర వేసుకోవాలి.

ఊరు చెయ్యాల్సిన పని

ఈ దోమ మురుగునీటిలో పుడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి వారానికోసారి మురుగును కదిలించి పారేట్టు చేస్తే దోమ పుట్టదు. ఇంటి పక్క గుంట పూడ్చండి. కాలవలో చెత్త వేయకండి. మరుగుదొడ్డి గొట్టం పైన సన్నని జాలీ గుడ్డ కట్టండి. చిన్నా పెద్దా అందరూ దోమతెరలో పడుకోండి.

చైనాలో ఒకప్పుడు ఈ జబ్బు విపరీతంగా ఉండేది. 2007లో అది ఈ జబ్బును వదిలించుకున్న దేశంగా లెక్కకెక్కింది. పక్కనే ఉన్న శ్రీలంక 2016లో వదిలించుకుంది. మన దేశం 2027కల్లా వదిలించుకోవాలని 2023లో ప్రభుత్వం గడువు పెట్టుకుంది. గడువు కాగితం మీద ఉంటుంది. మురుగు మాత్రం ఇంటి ముందు ఉంటుంది.

బోదకాలు ఉన్నవాళ్ళకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పింఛను ఉంది. ఎవరికి ఇస్తారు, జబ్బు ఎంతవరకు ముదిరితే ఇస్తారు అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఆస్పత్రిలో కాగితం తీసుకుని సచివాలయంలో గానీ పంచాయతీలో గానీ అడగండి. అర్జీ మీరే రాయండి. నేర్చుకున్న అక్షరాలు ఇలాంటప్పుడు పనికి రావాలి.

చివరిగా, మీ వాడలో కాలు వాచి ఇంట్లోనే కూర్చున్న మనిషి ఎవరైనా ఉండవచ్చు. వాళ్ళు ఈ పుస్తకం దగ్గరికి రారు. మీరే దీన్ని వాళ్ళ దగ్గరికి తీసుకుపోయి చదివి వినిపించండి. పోయేటప్పుడు ఒక సబ్బు తీసుకుపొండి.

మాట్లాడుకోండి

1. మీ వీధిలో నీరు నిలిచే చోట్లు ఎన్ని? వాటి పేర్లు రాయండి.

2. బోదకాలు ముట్టుకుంటే వస్తుందా? కారణం చెప్పండి.

3. కాలు కడిగాక అన్నిటికన్నా ముఖ్యంగా చెయ్యాల్సిన పని ఏది?

4. మీ ఇంట్లో ఎవరెవరి వయసు ఎంత? డి.ఇ.సి. మాత్రలు పంచితే ఎవరికి ఎన్ని వస్తాయో లెక్క రాయండి.

5. ఈ రాత్రి మీ కాలి వేళ్ళ సందులు చూసుకోండి. రేపు వచ్చినప్పుడు ఏం కనబడిందో చెప్పండి.